గీయడం నుంచి గీయించడం దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వేదో డిజైన్ మేనేజరువంటావు కదా, అదేమిటో మాకెవరికీ తెలీదు. పిల్లల తల్లిదండ్రులు కూడా వస్తున్నారు, ఓ ఇరవై నిమిషాలు చెప్పు" అన్నారు. వారికి తెలియకపోవడంలో తప్పేమీ లేదు. మా అమ్మకే ఇప్పటికీ తెలీదు. ఎవరైనా అడిగితే "మావాడు మిక్సీల కంపెనీలో చేస్తాడు" అంటుంది. చాలా ఏళ్ల కిందట సెలవుకి ఇంటికి వస్తే, పక్కింటి పిన్నిగారు ఆగిపోయిన మిక్సీ చంకనేసుకుని వచ్చారు. బజారులో చూపిస్తే మోటారు కాలిపోయింది, మూడొందలు అవుతుందన్నారట. నేను దాన్ని తిరగేసి, అడుగున ఉన్న చిన్న ఎర్ర మీట నొక్కి, ప్లగ్గు పెట్టాను. గిర్రున తిరిగింది. ఆ రోజు మా అమ్మ నా చదువుని గౌరవించినంతగా మరెప్పుడూ గౌరవించలేదు.

ఆ ఎర్ర మీట సంగతి గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను. నా ఉద్యోగమంతా దానిలోనే ఉంది.

నేను 1985లో ఇక్కడ పదో తరగతి ముగించాను. లెక్కల్లో ఫర్వాలేదు, హిందీలో గట్టెక్కాను, డ్రాయింగులో మాత్రం ముందుండేవాణ్ణి. మా డ్రాయింగు మాస్టారు పట్టుబట్టి నా చేత డ్రాయింగు లోయర్ పరీక్ష రాయించారు. ఫీజు కూడా ఆయనే కట్టారని తర్వాత తెలిసింది. ఈ రోజు ఆయన మన మధ్య లేరు. ఇంటర్ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో మెకానికల్ చేరాను. మూడో ఏడాదిలో ఒక సీనియరు చెప్పేదాకా, వస్తువులకి రూపం ఇవ్వడం అనేది ఒక చదువని నాకు తెలీదు. బొంబాయి ఐఐటీలో 1969 నుంచీ ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ ఉందని, ఇంజనీర్లని తీసుకుంటారని, అంతకు ముందే 1961లో అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పెట్టారని ఆయనే చెప్పాడు. ఆ అహ్మదాబాదు సంస్థ వెనక ఒక నివేదిక ఉంది. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికి రాసిచ్చారు. ఈ దేశంలో తాము చూసిన వస్తువులన్నిటిలో బహుశా అన్నిటికన్నా గొప్పది, అందమైనది లోటా అని అందులో రాశారు. అవును, మన చెంబే. అది ఎన్ని నీళ్లు పట్టాలి, నడుం మీద ఎలా ఆనాలి, ఎలా వంపాలి, ఎలా తోమాలి, ఖరీదెంత పడాలి, ఇలా ఎన్ని ప్రశ్నలకి జవాబో వరసగా రాసుకుంటూ పోయారు. నేను డిజైన్ స్కూల్లో చేరిన మొదటి నెలలోనే అది చదివి, మా అమ్మ గంగాళం పక్కన పెట్టుకునే చెంబుని తలచుకున్నాను.

"ఇంజనీరింగ్ అయిపోయాక మళ్లీ బొమ్మలేయడమేమిట్రా" అని మా నాన్న అడిగారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. 1993లో చదువు ముగించి, ఇంటి సామాను తయారుచేసే ఒక కంపెనీలో డిజైనరుగా చేరాను. పేరు చెప్పను. మంచీ చెడూ రెండూ చెప్పబోతున్నాను కాబట్టి పేరు వద్దు.

డిజైన్ మేనేజ్‌మెంట్ అంటే ఏమిటో మనవాళ్లకి చెప్పాలంటే నేను ఏటికొప్పాకతో మొదలుపెడతాను. మనకి దగ్గరే, వరాహ నది ఒడ్డున. అక్కడ లక్క బొమ్మ చేసే ఆయన్ని గమనించండి. అంకుడు కర్ర ఆయనే ఎంచుతాడు. తరిమెన మీద ఆయనే తిప్పుతాడు. తిరుగుతున్న కర్రకి లక్క బిళ్ల ఆనిస్తే ఆ రాపిడి వేడికి కరిగి రంగు పడుతుంది. ఏ రంగు ఎక్కడ ఆగాలో ఆయన చేతికే తెలుసు. కొనేవాడు బేరమాడితే ఆ మాటా ఆయన చెవినే పడుతుంది. మూత బిగుసుకుపోతోందని ఎవరైనా అంటే మర్నాడు చేసే భరిణె మూత వదులుగా ఉంటుంది. అంటే డిజైనరు, పనివాడు, నాణ్యత చూసేవాడు, అమ్మేవాడు, ఫిర్యాదు వినేవాడు, అందరూ ఒకే మనిషి.

ఫ్యాక్టరీలో ఆ ఒక్క మనిషిని ముప్పై ముక్కలు చేస్తారు. గీసేవాడు ఒకడు, మోల్డ్ చేసేవాడు ఒకడు, మోటారు ఒకడిది, అట్టపెట్టె ఒకడిది, ధర ఇంకొకడిది. ఎవరి ముక్క వాళ్లు బాగానే చేస్తారు. మొత్తం ఎవరిదీ కాదు. ఆ ముప్పై మంది మధ్య, ఏటికొప్పాక మనిషి బుర్రలో ఉండే ఒకే ఉద్దేశం చెదిరిపోకుండా చూడటానికి ఒకరు కావాలి. ఆ పనికే డిజైన్ మేనేజ్‌మెంట్ అని పేరు. ఇది కొత్తదేమీ కాదు. జర్మనీలో ఏఈజీ అనే విద్యుత్ కంపెనీ 1907లోనే పీటర్ బేరెన్స్ అనే ఆయన్ని పెట్టుకుని దీపాలు, కెటిళ్ల నుంచి కంపెనీ ముద్ర, ఫ్యాక్టరీ కట్టడం దాకా అన్నీ ఆయనకే అప్పగించింది. అమెరికాలో 1956లో ఐబీఎం ఎలియట్ నోయిస్‌కి అలాంటి బాధ్యతే ఇచ్చింది. మన దేశంలో ఈ రోజు గాంధీనగర్‌లో ఎన్‌ఐడీ వాళ్లు దీన్ని పీజీ కోర్సుగా చెబుతున్నారు. మా రోజుల్లో చెప్పేవాళ్లు లేరు, తప్పులు చేసి నేర్చుకున్నాం.

మొదటి ఎనిమిదేళ్లు నేను గీశాను. ఆ ఎనిమిదేళ్లలో సగం టూల్ రూమ్‌లో గడిచాయి. డిజైన్ స్కూల్ నుంచి వచ్చేవాళ్లకి ఇది ముందే చెప్పాలి. అక్కడ మీ బొమ్మ ఎంత అందంగా ఉందో ఎవరూ అడగరు. "పార్టు మోల్డులోంచి ఎలా ఊడొస్తుంది?" అని అడుగుతారు. గోడ నిట్టనిలువుగా ఉంటే ఊడి రాదు, ఒక డిగ్రీ అయినా వాలు ఉండాలి. ఏబీఎస్ ప్లాస్టిక్ చల్లారేసరికి దాదాపు అర శాతం ముడుచుకుంటుంది, రెండొందల మిల్లీమీటర్ల పార్టు ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. ఇవి నాకు నేర్పింది పదో తరగతి తప్పిన ఒక టూల్ మేకరు. ఆయన వేలితో తడిమి పదో వంతు మిల్లీమీటరు తేడా చెప్పేవాడు. నేను ఆయన్ని గురువుగారూ అనే పిలిచేవాణ్ణి. మొదట్లో ఆయనకి ఇబ్బందిగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది.

2001లో నన్ను డిజైన్ మేనేజర్ని చేశారు. కింద ఐదుగురు డిజైనర్లు. జీతం పెరిగింది, అద్దాల గది వచ్చింది. పని మారిందని మాత్రం నాకు అర్థం కాలేదు. ఐదుగురి పనినీ నేనే ఇంకా బాగా చేయగలనని నిరూపించడమే మేనేజర్ పని అనుకున్నాను.

ఆ ఏడాది కొత్త మిక్సీ బాడీ పని మా టీములో ఒక అమ్మాయికి ఇచ్చాను. డిజైన్ స్కూల్ నుంచి వచ్చి రెండేళ్లయింది. నిదానంగా పనిచేసేది, అన్నీ రాసుకునేది. డ్రాయింగులు టూల్ రూమ్‌కి వెళ్లాల్సిన ముందు రోజు సాయంత్రం నేను చూశాను. ముందు భాగం వంపు నాకు నచ్చలేదు. ఆమె ఇంటికి వెళ్లాక కూర్చుని, రాత్రి రెండు దాకా నేనే మార్చేశాను. వంపు మార్చాను కాబట్టి లోపల పక్కటెముకలాంటి రిబ్బు కూడా జరపాల్సి వచ్చింది. ఎందుకైనా మంచిదని దాన్ని కాస్త లావు చేశాను. గోడ మందం రెండున్నర మిల్లీమీటర్లు, ఆమె రిబ్బు ఒకటి పాయింటు నాలుగు పెట్టింది. నేను రెండు చేశాను. పొద్దున్నే పంపించేశాను. ఆమె వచ్చాక చూపించాను, గర్వంగానే.

ఆమె చాలాసేపు చూసింది. "బాగుంది సార్. కానీ ఇప్పుడిది మీ డ్రాయింగ్. రేపు టూల్ రూమ్‌లో ఏదైనా తేడా వస్తే నన్ను అడుగుతారు. నేనేం చెప్పాలి?" అంది. నేను నవ్వేసి, "నన్ను అడగమను" అన్నాను.

ప్లాస్టిక్ పని తెలిసినవాళ్లకి ఈపాటికి అర్థమై ఉంటుంది. లోపలి రిబ్బు గోడ మందంలో సగానికి కొంచెం మించవచ్చు, అంతే. ఎక్కువ లావైతే అక్కడ ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారి లోపలికి లాగుతుంది. బయట నున్నటి ముఖం మీద సొట్టలాంటి గీత కనబడుతుంది. దాన్ని సింక్ మార్క్ అంటారు. మొదటి శాంపిల్ వచ్చినప్పుడు ఆ గీత మిక్సీ నడినెత్తిన, సరిగ్గా కంపెనీ పేరు అతికించే చోట పడింది. రిబ్బు ఎందుకు అంత సన్నం, ఎందుకు ఆ మూలకి అని ఆమె డ్రాయింగు వెనక పేజీలో స్పష్టంగా రాసిపెట్టింది. నేను ఆ పేజీ తిప్పలేదు.

మోల్డులో స్టీలు కొయ్యడం తేలిక, అంటించడం కష్టం. పార్టులో రిబ్బు అంటే మోల్డులో గాడి. రిబ్బు పలచన చేయాలంటే గాడి ఇరుకు చేయాలి, అంటే స్టీలు తిరిగి నింపాలి. వెల్డింగు చేసి, మళ్లీ చెక్కి, మళ్లీ పాలిష్ పెట్టేసరికి ఐదు వారాలు పోయాయి. దసరా, దీపావళి అమ్మకాలు దాటిపోయాయి. సమావేశంలో తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అందులో గొప్పేమీ లేదు, డ్రాయింగు మీద తేదీ, నా సంతకం ఉన్నాయి. ఆరు నెలల తర్వాత ఆమె వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు నా మీద ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

ఆ తర్వాత నా టేబుల్ మీద పెన్సిల్ తీసేశాను అని చెబితే సినిమాలా ఉంటుంది. తీయలేదు. కానీ ఒక నియమం పెట్టుకున్నాను. టీము డ్రాయింగు మీద నేను గీత గీయను, ప్రశ్న రాస్తాను. "ఈ వంపు ఎందుకు?" అని రాస్తే రెండు రకాలుగా జరుగుతుంది. కారణం ఉంటే చెబుతారు, నేను నేర్చుకుంటాను. లేకపోతే వాళ్లే మారుస్తారు, నేను అనుకున్నదానికన్నా బాగా మారుస్తారు. చెయ్యి ఊరుకోదు, ఇప్పటికీ దురద పెడుతుంది. చేతిలో విద్య ఉన్నవాడికి, కళ్ల ముందు ఇంకొకరు నెమ్మదిగా చేస్తుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఇక్కడున్న మాస్టార్లకి చెప్పక్కర్లేదు.

ఇంకో రెండు దెబ్బలు త్వరగా చెప్పేస్తాను. ఒకసారి మిక్సీ ఎత్తు అందం కోసం పన్నెండు మిల్లీమీటర్లు పెంచాం. అట్టపెట్టె కూడా అంత పెరిగింది. లారీలో ఏడు వరసలు పట్టేవి ఆరు వరసలే పట్టాయి. ఒక్కో మిక్సీ మీద లారీ కిరాయి ఆరో వంతు పెరిగింది. అప్పటినుంచి మొదటి సమావేశానికే రవాణా చూసే ఆయన్ని పిలవడం మొదలుపెట్టాను. మరోసారి, కొత్త మోడలుని డీలర్ల సమావేశంలో ఆర్భాటంగా చూపించి, తర్వాత డిజైన్ రిజిస్ట్రేషన్ గురించి ఆలోచించాను. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం వస్తువు రూపాన్ని రిజిస్టరు చేసుకుంటే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. కానీ దరఖాస్తు కన్నా ముందే లోకానికి చూపించేస్తే అది కొత్తది కిందకి రాదు. పొరపాటు నాదే. ఏడాదిలో అచ్చం అలాంటి మిక్సీలు బజారులోకి వచ్చాయి, నా కళ్ల ముందే అమ్ముడుపోయాయి. కుర్రాళ్లలో ఎవరైనా సొంతంగా వస్తువులు చేయబోతుంటే, ముందు దరఖాస్తు, తర్వాతే ఫొటో.

ఇప్పుడు ఎర్ర మీట. మిక్సీ మీద భారం ఎక్కువైతే, అంటే ఇడ్లీ పిండి గట్టిగా వేసి ఆపకుండా తిప్పినా, ఎండు కొబ్బరి నిండా కూరినా, మోటారు కాలిపోకుండా కరెంటు ఆపే చిన్న స్విచ్చి ఉంటుంది. చల్లారాక అడుగున మీట నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. ఇది ఎంతమంది ఇల్లాళ్లకి తెలుసు? నేను విజయవాడలో ఒక సర్వీస్ సెంటర్లో రెండు వారాలు కూర్చున్నాను. మీట నొక్కితే సరిపోయే మిక్సీలు రోజూ వచ్చేవి. ఎండలో బస్సెక్కి, ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాళ్లు.

తిరిగి వచ్చి ఆ మీట ఎవరిదని అడిగాను. ఎవరిదీ కాదు. ఎలక్ట్రికల్ వాళ్లు వైరు తక్కువ పడుతుందని అడుగున పెట్టారు. డిజైనర్లు, అంటే మేమే, ముందు ముఖం శుభ్రంగా ఉంటుందని సంతోషించాం. మాన్యువల్‌లో పదకొండో పేజీలో రాశారు, చదివేవాళ్లు లేరు. ఎవరూ తప్పు చేయలేదు, పిన్నిగారు మాత్రం మిక్సీ చంకనేసుకుని తిరుగుతున్నారు. పక్కకి మారుద్దామంటే నీళ్లు, పిండి కారి లోపలికి పోతాయని టెస్టింగ్ వాళ్లు అన్నారు. నిజమే. రెండేళ్లు నలిగింది. ఆఖరికి మీటని అడుగునే ఉంచి, తిరగెయ్యకుండా వేలికి అందేలా అంచుకి జరిపాం. ఆగిపోతే ఏం చేయాలో బొమ్మగా వెనక వైపు అచ్చువేశాం, అక్షరం లేకుండా. నేను కోరుకున్నది పూర్తిగా కాదు, అందులో సగం. కంపెనీ బ్రోషర్లో దాని గురించి ఒక్క ముక్క లేదు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చెప్పుకోదగ్గ పని ఏదంటే నేను ఇదే చెబుతాను.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నకి వస్తాను. దారి ఉందా? ఇప్పుడు ఉంది. మా రోజుల్లో బొంబాయి, అహ్మదాబాదు పోవాల్సి వచ్చేది. 2015 నుంచి మన రాష్ట్రంలోనే ఎన్‌ఐడీ ఉంది. హైదరాబాదు ఐఐటీలో డిజైన్ విభాగం ఉంది. ఇంటర్ ఏ గ్రూపు చదివినా యూసీడ్ పరీక్ష రాయవచ్చు, అందులో గీసి చూపించాల్సిన భాగం కూడా ఉంటుంది. డిగ్రీ అయ్యాక మా బాటలో వచ్చేవాళ్లకి సీడ్ ఉంది. కానీ బయటికి రాగానే మేనేజర్ అయిపోవాలన్న తొందర వద్దు. చేతులు మాసే పని ఐదారేళ్లు చేయనివాడి మాట టూల్ రూమ్‌లో ఎవరూ వినరు. ఖర్చు లెక్క కట్టడం నేర్చుకోండి. ఒక పేజీలో విషయం రాయడం నేర్చుకోండి. ఈ వస్తువు ఎవరి కోసం, ఎంత ధరకి, ఎప్పటికి, దేన్ని మార్చకూడదు, ఎవరు సరేనంటే సరేనన్నట్టు, ఇంతే. ఆ చివరి ముక్క రాయకపోతే మిగతా పేజీ దండగ.

ఒక మాట మాత్రం దాచను. మంచి డిజైనర్లందరూ మేనేజర్లు కావాలని నేననుకోను. కొందరు జీవితాంతం గీయాల్సినవాళ్లు. కానీ చాలా కంపెనీల్లో జీతం పెరగాలంటే ఆ ఒక్క నిచ్చెనే ఉంది. దాని వల్ల ఒక మంచి చెయ్యి పోతుంది, ఒక చెడ్డ మేనేజరు వస్తాడు. నా టీములో ఇద్దరికి, గీస్తూనే జీతం పెరిగే ఏర్పాటు చేయించగలిగాను. మిగతావాళ్లకి చేయలేకపోయాను.

ఈ సభకి వచ్చే ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. అమ్మాయి అంటున్నాను గానీ, ఇప్పుడు ఆమె కూడా ఒక పెద్ద సంస్థలో డిజైన్ విభాగానికి హెడ్డు. "ఆ రోజు సంగతి మా స్కూల్లో చెప్పనా అమ్మా?" అని అడిగాను. "చెప్పండి సార్, నా పేరు వద్దు. కానీ రిబ్బు నేను ఎంత పెట్టానో సరిగ్గా చెప్పండి, ఒకటి పాయింటు నాలుగు" అంది. ఇరవై ఏళ్లు దాటినా మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు.

చివరగా సంఘానికి ఒక మనవి. పొద్దున్న వరండా చివర మన డ్రాయింగు గది చూసి వచ్చాను. విరిగిన బల్లలు పెట్టి తాళం వేశారు. మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగానే ఉందని హెడ్మాస్టరు గారు చెప్పారు, అది ఆయన చేతుల్లో ఉన్నది కాదు. స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కట్టాలనుకుంటున్నారని విన్నాను. ఆర్చి వద్దనను. ముందు ఆ గది ఖాళీ చేయించి, రెండు పెద్ద బల్లలు, ఒక బెంచ్ వైస్, కొన్ని పనిముట్లు పెడదాం. వారానికి ఒక రోజు చెప్పడానికి ఎవరినైనా పెడదాం, ఆ మనిషి జీతంలో నా వంతు నేను ఇస్తాను. ఏటికొప్పాక నుంచి ఒక పనివారిని నెలకోసారి పిలిపించుకోవచ్చు, దూరం కూడా లేదు.

హెడ్మాస్టరు గారిని అడిగి ఆ గది తాళం తీసుకున్నాను. భోజనాలయ్యాక సాయంత్రం నాలుగు దాకా అక్కడే ఉంటాను. ఒక పాత మిక్సీ, నాలుగు స్క్రూడ్రైవర్లు, ఒక కట్ట కాగితాలు తెచ్చాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలెవరైనా రావచ్చు. విప్పడం వాళ్ల పని, నేను ముట్టుకోను.